అవస్థ అభ్యంగనము

అభ్యంగనమనిన మన తెలుగునాట ఎవరికిని భయము లేదు. ఉగాదినాడును దీపావళినాడును తెల్లవాఱకమునుపే తల్లి పిల్లల నడినెత్తిన నూనె యంటి నీళ్లు పోయును. పురిటి బిడ్డకును, బాలెంతరాలికిని, పండుగకు వచ్చిన క్రొత్త యల్లునికిని నూనె యంటుట శుభకార్యము. అట్టి మంచిమాటకు ముందు 'అవస్థ' యను మఱియొక మాట చేరగానే కతోలిక క్రైస్తవుల యిండ్లలో పెద్దల మొగములు వాడిపోవును. "గురువుగారిని పిలిపింతమా?" యని యొకరనిన, "అంతవఱకు వచ్చినదా?" యని మఱియొకరు కంటనీరు పెట్టుకొందురు. రోగి యా మాట వినునేమో యని తలుపు దగ్గఱగా వేయుదురు. ఈ భయము ఎచ్చటనుండి వచ్చినది, ఆ సంస్కారమునకు ఇది తగినదేనా యను విషయమును మన బాలబాలికలకును వారి తలిదండ్రులకును తెలియునట్లు కొంత వివరింపదలచితిమి. మన విద్యార్థులలో నానా సంఘములవారును నానా మతములవారును ఉన్నారు గావున, ఎఱిగినవారికి కొంత విసుగు గలిగినను ఎఱుగనివారికొఱకు మొదటినుండియు చెప్పుదుము.

కతోలిక సంఘమున దివ్యసంస్కారములు ఏడు. వీనినే మన పెద్దలు దేవద్రవ్యానుమానము లనెడివారు. వరుసలో అయిదవది యీ అభ్యంగనము. నేడు జరుగు రీతి చాల సులభమైనది. గురువు రోగి యింటికి వచ్చి, ముందుగా ఆ యింటికిని అందున్నవారికిని సమాధానము పలికి, దీవించిన జలము చల్లును. రోగి కోరినచో ఇతరులను బయటికి పంపి పాపసంకీర్తనము వినును. పిమ్మట వేదవాక్యము కొంచెము చదివి, ఏమియు మాటలాడక రోగి తలపై చేతులుంచును. అటుపిమ్మట దీవింపబడిన నూనెను బొటనవ్రేలితో తీసికొని నొసటను, రెండు చేతులకును పూయును. పూయునపుడు చెప్పు ప్రార్థన మిక్కిలి చిన్నది. ప్రభువు తన కరుణచేత పరిశుద్ధాత్మ వరము నొసగి యీ రోగికి తోడ్పడవలెననియు, పాపములనుండి విడిపించి రక్షించి లేవనెత్తవలెననియు అందలి భావము. లేవనెత్తుట యను ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక; మున్ముందు దీనితో మనకు పని గలదు.

క్రీస్తునాటి యూదులకు నూనె యనిన ఒలీవ నూనెయే. అది వారికి భోజనములోనికి రుచి, రాత్రికి దీపము, ఎండలో ఒడలికి చలువ, దెబ్బకు మందు. యెషయా ప్రవక్త తన జనుల దుస్థితిని గాయములతో పోల్చుచు, వానిని నూనెతో మెత్తపఱచినవారు లేరని విలపించెను. మంచి సమరయుని కథలో దొంగలచే కొట్టబడినవాని గాయములపై పోసినవి నూనెయు ద్రాక్షారసమును. హేరోదు మహారాజునకు ప్రాణము మీదికి వచ్చినపుడు వైద్యులు ఆయనను వెచ్చని నూనె తొట్టిలో దింపిరని యూదుల చరిత్రకారుడగు జోసీఫసు వ్రాసియున్నాడు. అది ఆ రాజునకేమియు మేలు చేయలేదు. అట్టి దేశమున అపొస్తలులు నూనె చేతబట్టుకొని రోగులయొద్దకు పోవుట వింతగాదు. పండ్రెండుగురు శిష్యులును అనేక రోగులకు నూనె రాచి స్వస్థపఱచిరని మార్కు సువార్త ఆఱవ యధ్యాయమున నున్నది.

అన్నిటికంటె ముఖ్యమైనవి యాకోబు పత్రిక అయిదవ యధ్యాయమునందలి 14, 15 వచనములు. రోగియైనవాడు సంఘపు పెద్దలను పిలిపింపవలెననియు, వారు ప్రభువు నామమున నూనె పూసి యతనికై ప్రార్థింపవలెననియు, విశ్వాసముతోడి ప్రార్థన రోగిని కాపాడుననియు, ప్రభువు వానిని లేపుననియు, పాపములు చేసియున్నచో క్షమాపణ కలుగుననియు ఆ వచనముల తాత్పర్యము. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. పిలిపించువాడు రోగియే, అనగా వానికి తెలివి యున్నది, నోట మాట యున్నది. రెండవది, చావు అను మాట ఆ రెండు వచనములలో ఎచ్చటను లేదు.

మొదటి శతాబ్దముల క్రైస్తవులు ఈ వచనములను ఉన్నవి యున్నట్లే గ్రహించిరి. నాలుగవ శతాబ్దమున ఐగుప్తు దేశమునందలి త్మూయి పట్టణపు పీఠాధిపతియగు సెరాపియోను పేర నిలిచిన ప్రార్థనల గ్రంథమున నూనెను దీవించు ప్రార్థన గలదు. రోగములు తొలగవలెనని యందు వేడుకొందురు. 416వ సంవత్సరమున రోమా పీఠాధిపతియగు మొదటి ఇన్నోసెంటు, గుబ్బియో పట్టణపు పీఠాధిపతి యడిగిన సందేహములకు ప్రత్యుత్తరము వ్రాయుచు, పీఠాధిపతి దీవించిన యీ నూనెను గురువులు మాత్రమేగాక క్రైస్తవులందఱును తమ యవసరములందును తమవారి యవసరములందును వాడుకొనవచ్చునని చెప్పెను. అనగా ఆ కాలమున తల్లి బిడ్డకును, భార్య భర్తకును దేవాలయపు నూనె రాచుచుండెనన్నమాట. ఆఱవ శతాబ్దమున గాలు దేశమునందలి ఆర్లు పట్టణపు పీఠాధిపతి సెజారియసు తన ప్రసంగములలో ప్రజలను గట్టిగా మందలించెను. రోగము వచ్చినప్పుడు మంత్రగాండ్రయొద్దకును సోదె చెప్పువారియొద్దకును పరుగెత్తనేల, దేవాలయమునకు వచ్చి నూనె పూయించుకొనరాదా యని ఆయన వాదము. పదునైదు వందల యేండ్ల క్రిందటి యీ మందలింపు మన పల్లెలకును పనికివచ్చునదియే.

మఱి యిట్టి మందు వంటి నూనె మరణశయ్యకు ఎట్లు చేరినది? దీనికి ప్రాయశ్చిత్త నియమములే ముఖ్యకారణమని చరిత్రజ్ఞులు చెప్పుదురు. పూర్వకాలమున ఘోరపాపములకు బహిరంగ ప్రాయశ్చిత్తము జీవితమున ఒక్కసారి మాత్రమే యొసగుచుండిరి. దానిని పొందినవారికి కఠిన నియమములు ప్రాణమున్నంతవఱకు ఉండెడివి. కత్తి పట్టి సైన్యమున చేరరాదు, సంసారజీవితము మానవలెను. అంత భారమును మోయలేక జనులు దానిని కడపటి ఘడియకు వాయిదా వేయసాగిరి. తొమ్మిదవ శతాబ్దము నాటికి అభ్యంగనము గురువులు మాత్రమే చేయదగినదని నియమమేర్పడి, మరణకాలపు ప్రాయశ్చిత్తముతో జంటకట్టబడెను. ఒకదాని భయము రెండవదానికి అంటుకొనెను. అభ్యంగనము పొందిన పిమ్మట బ్రతికినవాడు మరల మాంసము తినరాదనియు, వట్టికాళ్లతో నేలపై నడువరాదనియు, కాపురము చేయరాదనియు ఇంగ్లండులో జనులు నమ్మసాగిరి. పదుమూడవ శతాబ్దమున అచ్చటి పీఠాధిపతులు ఇవి మూఢవిశ్వాసములని ఖండింపవలసివచ్చెను. అనగా మందు పుచ్చుకొని బ్రతికినవాడు సగము చచ్చినవానితో సమానమయ్యెను! ఇట్టి నమ్మకమున్న యూరిలో ఎవడు మాత్రము వేళకు గురువును పిలుచును?

పేరుకూడ మాఱినది. పండ్రెండవ శతాబ్దమున పీటరు లొంబార్డు అను వేదాంతపండితుడు దివ్యసంస్కారములు ఏడని లెక్కించునప్పటికే దీనికి 'కడపటి అభ్యంగనము' అను పేరు వాడుకలోనికి వచ్చియుండెను. జ్ఞానస్నానము మొదలగువానిలో పూయు నూనెలన్నిటిలో ఇది కడపటిదగుటచే ఆ పేరు వచ్చెనని కొందఱందురు. జనులు మాత్రము ప్రాణమునకు కడపటిదని గ్రహించిరి. 1439లో ఫ్లోరెన్సు మహాసభ, మరణభయమున్న రోగికి తప్ప దీనిని ఇయ్యరాదని శాసించెను. 1551లో ట్రెంటు మహాసభ ఇదే విషయమును చర్చించినపుడు ఒక చిన్న సవరణ జరిగినది. చావునకు దగ్గఱపడినవారికి 'మాత్రమే' యని మొదటి చిత్తుప్రతిలో నుండగా, సభవారు ఆ మాటను కొట్టివేసి 'ముఖ్యముగా' అని వ్రాసిరి. ఒక్క మాట! నాలుగు వందల యేండ్ల పిమ్మట తలుపు తెఱచుటకు ఆ మాటయే తాళపుచెవి యయ్యెను. అయినను అప్పటికి వాడుకలో మార్పేమియు రాలేదు.

1614లో ఐదవ పౌలు పోపు ప్రకటించిన రోమా సంస్కార గ్రంథమును బట్టి జరిగిన అభ్యంగనమునే మన తాతముత్తాతలు చూచియున్నారు. దానిని గుఱించి కొంచెము విపులముగా చెప్పుట యుక్తము. ఇప్పటి పిల్లలు దానిని చూడరు. రోగి మంచము ప్రక్కను ఒక బల్లపై తెల్లని గుడ్డ పఱచి, వెలుగుచున్న మైనపువత్తిని, ఏడు చిన్న ఉండలుగా చేసిన దూదిని, వ్రేళ్ల నూనె తుడుచుకొనుటకు రొట్టెలోని మెత్తని భాగమును, చేతులు కడుగుకొనుటకు నీళ్లను సిద్ధపఱచుదురు. గురువు ఊదారంగు పట్టెను మెడలో వేసికొని, సిలువ గుఱుతుగా మొదట మూసిన కనుఱెప్పలపై నూనె పూయును. తరువాత చెవులకు, ముక్కునకు, మూసిన పెదవులకు, అఱచేతులకు, తుదకు పాదములకు. రోగి తానే గురువైనచో అఱచేతులకు మాఱు చేతి వెనుక ప్రక్కను పూయుదురు. ఏలయనగా గురుపట్టము పొందిననాడే అతని యఱచేతులకు అభిషేకమైనది. ఒక్కొక్క పూతకును ఒక్కొక్క ప్రార్థన. చూపువలన చేసిన తప్పును, వినికిడివలన చేసిన తప్పును, రుచివలనను మాటవలనను చేసిన తప్పును, నడకవలన చేసిన తప్పును ప్రభువు మన్నించుగాక యని. పూసిన ప్రతిచోటను దూదితో తుడిచి, ఆ దూదిని పిమ్మట కాల్చివేయుదురు.

ఇందు గొప్ప యందము గలదని మేము ఒప్పుకొనక తప్పదు. లోకమును మనలోనికి తెచ్చిన వాకిళ్లన్నిటిని ఒకటొకటిగా కడిగి మూసినట్లుండును. కాని మూసినట్లుండుటయే చిక్కు. ఆ పూతల ప్రార్థనలలో క్షమాపణయే గాని స్వస్థత మాట లేదు. వింత యేమనగా, పూతలు ముగిసిన పిమ్మట గురువు చదువు ప్రార్థనలో, ఈ రోగికి ఆరోగ్యము మరల కలిగి తన పూర్వపు పనులకు తిరిగి పోగలుగవలెనని స్పష్టముగా వేడుకొనుచుండిరి. అది లాటిను భాషలో నుండెను. మంచము చుట్టును నిలిచి యేడ్చుచున్నవారికి, గురువు రోగిని పొలమునకో బడికో మరల పంపుమని దేవుని అడుగుచున్నాడని తెలియనే లేదు.

ఇతర సంఘములవారి మాటయు చెప్పవలెను. మార్టిను లూథరు 1520లో వ్రాసిన గ్రంథమున దీనిని క్రీస్తు స్థాపించిన సంస్కారముగా ఒప్పుకొనలేదు. ఆయన చూపిన కారణములలో ఒకటి, యాకోబు సామాన్యముగా రోగులను గుఱించి చెప్పగా మీరు దానిని చచ్చువారికి కట్టిపెట్టితిరనుట. స్వస్థపఱచు వరము అపొస్తలుల కాలముతోనే ముగిసినదని కాల్విను వాదించెను. ఇంగ్లండు సంఘపు 1549వ సంవత్సరపు ప్రార్థన గ్రంథమున రోగి కోరినచో నొసటనో ఱొమ్మునో నూనె పూయవచ్చునని యుండగా, 1552వ సంవత్సరపు గ్రంథమున అది తీసివేయబడెను. నూనె పూయుట దివ్యసంస్కారమా కాదా యను విషయమున ఈనాటికిని సంఘములకు ఏకీభావము లేదు. అయినను ఆ పత్రిక రోగులను గుఱించినది గాని మరణించువారిని గుఱించినది మాత్రమే కాదనుటలో ఇప్పుడెవరికిని పేచీ లేదు. నేడు అనేక ప్రొటెస్టంటు సంఘములలోను రోగులకు నూనె పూసి ప్రార్థించుట మరల వాడుకలోనికి వచ్చినది.

తూర్పుదేశపు ఆర్తడాక్సు సంఘములు దీనిని మరణమునకు ఎన్నడును కట్టివేయలేదు. అచ్చట ఏడుగురు గురువులు కూడి చేయవలెనని విధి. ఏడు పత్రికా భాగములు, ఏడు సువార్త భాగములు చదివి, ఏడు మాఱులు పూయుదురు. అంతమంది దొరకనిచోట ఒక్కరైనను చేయుదురు. గోధుమ గింజలు పోసిన పాత్రలో నూనె గిన్నెను, చుట్టును ఏడు వత్తులను నిలుపుదురు. మట్టిలో పడిన గింజ మొలకెత్తునట్లు రోగియు లేచునని దాని సూచన. పవిత్రవారమున బుధవారమునాడు గ్రీకు సంఘమున దేవాలయమునకు వచ్చిన వారందఱికిని ఈ నూనె పూయుదురు, పడుచువారనక ముసలివారనక. రష్యనులు దీనిని 'కూడిక' యని అర్థమిచ్చు పేరుతో పిలుతురు. టాల్‌స్టాయి వ్రాసిన 'అన్నా కరెనినా' నవలలో క్షయరోగముచే మంచమునబడిన నికొలాయి అభ్యంగనము పొందినంతనే కొంతసేపు తేఱుకొని, దగ్గుకూడ మాని, లేచి కూర్చుండును. ఆ యూఱట యెంతోసేపు నిలువలేదు. ఆ ఘట్టము చదివినవారు మఱవజాలరు.

రోమా సంఘమున మార్పు వాటికను రెండవ మహాసభతో వచ్చెను. 1963 డిసెంబరు 4న ఆ సభ ప్రకటించిన ఆరాధన శాసనమున, దీనిని 'కడపటి అభ్యంగనము' అనుటకంటె 'రోగుల అభ్యంగనము' అనుట మేలనియు, ఇది ప్రాణము పోవు ఘడియలోనున్నవారికి మాత్రమే కాదనియు చెప్పబడెను. 1972 నవంబరు 30న ఆఱవ పౌలు పోపు క్రొత్త విధిని ఏర్పఱచెను. ఇంద్రియములన్నిటికి మాఱుగా నొసలును చేతులును మాత్రమే మిగిలినవి. 'లేవనెత్తుట' యను యాకోబు మాట పూత ప్రార్థనలోనికే వచ్చినది. ఒలీవచెట్లు పెరుగని దేశములలో ఒలీవ నూనె దొరకుట కష్టమగుటచే, చెట్టుచేమలనుండి తీసిన ఇతర నూనెలను గూడ దీవించి వాడవచ్చునని యనుమతి దొరకెను. ఈ యనుమతి మనవంటివారికే గదా! నువ్వుల నూనెతోను కొబ్బరినూనెతోను పెరిగినవారికి ఒలీవ నూనె సీసాలో వచ్చిన పరదేశి.

ఇప్పుడు ఎవరెవరు దీనిని పొందవచ్చును? తీవ్రమైన రోగము గలవారు, పెద్ద శస్త్రచికిత్సకు పోవువారు, ప్రత్యేకమగు రోగము లేకపోయినను వయసుచేత మిక్కిలి నీరసించిన వృద్ధులు, తెలివి వచ్చిన రోగిబాలురు. కోలుకొని మరల రోగము వచ్చినచో మరల పొందవచ్చును. అదే రోగము ముదిరినను పొందవచ్చును. తెలివి తప్పినవారికిని, తెలివియున్నచో కోరియుందురని తోచినయెడల, ఇత్తురు. ప్రాణము పోయినదా లేదా యని సందేహమున్నచో ఇయ్యవచ్చును. నిశ్చయముగా పోయిన పిమ్మట మాత్రము ఇయ్యరు. ఇది బ్రతికియున్నవారి సంస్కారము. రెండవ జాన్ పాల్ పోపు 1981 మే 13న వాటికను నగరమున తుపాకి గుండ్లు తగిలి వైద్యశాలకు చేరినపుడు, శస్త్రచికిత్సకు ముందు ఆయన కార్యదర్శియగు గురువు ఆయనకు అభ్యంగన మొసగెను. ఆ పిమ్మట ఆయన 2005 ఏప్రిల్ 2 వఱకు జీవించెను. ఆయనయే 1992లో ఫిబ్రవరి 11ను ప్రపంచ రోగుల దినముగా నియమించెను. అది లూర్దుమాత పండుగదినము. విజయవాడ గుణదల కొండకు మన జనులు వేలకొలది పోవు దినమును అదియే.

మరణించువారికి సంఘమేమియు ఉంచలేదా యని యడుగవచ్చును. ఉంచినది, అది నూనె కాదు, కడపటి సత్ప్రసాదము. లాటినులో దాని పేరునకు ప్రయాణమునకు కావలసిన సంబారమని యర్థము. మన మాటలో దారిబత్తెము. పూర్వము అభ్యంగనమే ముందును, దారిబత్తెము తరువాతను ఇచ్చుచుండిరి. నడిమి శతాబ్దములలో ఈ వరుస తలక్రిందులయ్యెను. ఇప్పుడు మరల సరియైనది. మన తెలుగుమాటను చూడుడు: అవస్థ యనగా బాధ, కష్టదశ, అవసానము కాదు. 'అవస్థ పడుచున్నాడు' అని మనము జ్వరముతో మూల్గువానిని గుఱించియు అందుము. మన పెద్దలు పెట్టిన పేరు అక్షరార్థమున యాకోబు మాటకు దగ్గఱగానే యున్నది. దానికి చావు అర్థమును చేర్చినది మన భయమే.

ఈ భయమువలన కలుగు నష్టము ఊహామాత్రము కాదు. రోగికి తెలివియున్నన్ని నాళ్లు ఇంటివారు పిలువరు; తెలివి తప్పిన తరువాత పరుగెత్తుదురు. వైద్యశాలలో ఇంటెన్సివ్ కేర్ గదియందు ముక్కున గొట్టములతో పడియున్నవానికి గురువు నూనె పూయవచ్చును గాని, వాని పాపసంకీర్తనము వినలేడు, సత్ప్రసాద మియ్యలేడు, భయపడకుమని చెప్పిన మాట వానికి వినబడునో లేదో తెలియదు. రోగి తనంతట తాను పిలువవలసిన గురువును, రోగికి తెలియకుండ ఇతరులు పిలుచుట యెంత వికృతమో ఆలోచింపుడు. రోగిని భయపెట్టరాదని చేసినది తుదకు వానిని ఒంటరిని చేయును.

అట్లని నూనె వైద్యునికి ప్రతిగా వచ్చినది కాదు. సీరా గ్రంథము ముప్పదియెనిమిదవ యధ్యాయమున వైద్యుని గౌరవింపవలెనని యున్నది. ట్రెంటు సభయు దేహస్వస్థత ఆత్మకు మేలైనచో కొన్నిసార్లు కలుగునని చెప్పెను గాని తప్పక కలుగునని చెప్పలేదు. ఇంత విలువకు ఇంత స్వస్థతయని నూనెసీసాలు విక్రయించువారు ఏ సంఘపువారైనను వారిని దూరముగా నుంచుడు. సంస్కారమునకు వెల లేదు. అంటురోగముల కాలమున గురువులు పుల్లతో నూనె పూయుట పూర్వము మహమ్మారి దినములనుండియు కలదు. గురువు తన చేతితోనే పూయవలెనని 1983వ సంవత్సరపు సంఘశాసనము విధించుచునే, బలమైన కారణమున్నచో పరికరమును వాడవచ్చునని చెప్పుచున్నది. 2020లో కరోనా ప్రబలినపుడు అనేకచోట్ల దూదిపుల్లలే వాడిరి. గురువు దగ్గఱకు చేరలేక నూనె పొందకయే పోయినవారికొఱకు ఆ సంవత్సరము మార్చిలో రోమునుండి ప్రత్యేక క్షమాదానము ప్రకటింపబడెను.

ఇక ఇంట చేయవలసిన యేర్పాటు స్వల్పము. మంచము ప్రక్కను చిన్న బల్ల, దానిపై ఉదికిన తెల్లని గుడ్డ, సిలువ, రెండు వత్తులు, కొంచెము దూది, చేతులు కడుగుకొన నీళ్లు చాలును. గురువును పిలువబోవువారు రోగి పేరు, రోగమేమి, మ్రింగగలడా లేదా అను మూడు సంగతులు చెప్పవలెను. పిల్లలను బయటికి తఱుమ నక్కఱలేదు. వారు మోకరించి ప్రభువు నేర్పిన జపము చెప్పగలరు. గురువు తెచ్చు నూనె ఒక చిన్న లోహపు డబ్బీలో దూదికి ఇంకించి యుండును, ఒలుకకుండుటకు. దాని మూతపై 'రోగుల తైలము' అను అర్థముగల లాటినుమాటల మొదటి యక్షరములు రెండు, ఓ, ఐ అని, చెక్కియుండుట పిల్లలు గమనింపవచ్చును. ఆ నూనెను పీఠాధిపతి సంవత్సరమున కొకసారి, పవిత్ర గురువారమునాడో దానికి సమీపదినముననో తన గురువులందఱి యెదుట దీవించును. క్రొత్త నూనె ఊరికి చేరగానే, మిగిలిన పాతనూనెను కాల్చివేయుదురు.